చిన్న బొమ్మకు ఊపిరాడే పటం

పటం ‘కట్టిస్తాం’ అంటాం మనం... ఇల్లు కట్టించినట్టే! ఆలోచిస్తే ఆ మాటలో నిజముంది. బొమ్మకు పటం ఇల్లే మరి. ముందు కిటికీ ఉండాలి, చుట్టూ కాస్త ఖాళీ ఉండాలి, వెనక గాలి ఆడాలి. అయితే దుకాణానికి వెళ్ళగానే అందరి చూపూ బీడింగ్ మీదే పడుతుంది. బంగారు రంగుదా, నల్లదా, పూల చెక్కడం ఉన్నదా అని పది ముక్కలు మార్చి మార్చి చూస్తారు. లోపల బొమ్మను దేంతో అతికిస్తారు, అది అద్దానికి తగులుతుందా, వెనక ఏ అట్ట వేస్తారు అని అడిగేవాళ్ళు తక్కువ. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల్లో ఉండేవాళ్ళు ముందుగా అడగాల్సిన ప్రశ్నలు ఇవే.

ఎందుకంటే ఇది నీళ్ళ సీమ. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వచ్చి అందులో కలుస్తాయి. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి చేరుస్తుంది. చుట్టూ వరిచేలు, చేపల చెరువులు, కాలువలు. వానాకాలం వచ్చిందంటే డబ్బాలోని అప్పడాలు కూడా మెత్తబడతాయి. అలాంటి ఇంట్లో కాగితం మీద గీసిన బొమ్మ ఒక్కటే బిర్రుగా ఎలా ఉంటుంది? అదీ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఎండాకాలంలో వదిలేస్తుంది. పీల్చినప్పుడు సాగుతుంది, వదిలినప్పుడు ముడుచుకుంటుంది. పటం కట్టేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకుంటే బొమ్మ మనవల దాకా ఉంటుంది. మరిచిపోతే నాలుగు వానలకే మచ్చలు పడుతుంది.

బొమ్మల సీమ కూడా!

నీటిరంగుల బొమ్మలు ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఇటు బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ చిత్రకళ నేర్పారు. భీమవరం ప్రాంతంలో పుట్టిన అడివి బాపిరాజు ఆయన దగ్గరే కుంచె పట్టారు. అటు రాజమండ్రిలో దామెర్ల రామారావు. 1897లో పుట్టి 1925లో, 28 ఏళ్ళయినా నిండకుండానే కన్నుమూశారు. ఆయన పోయి నూరేళ్ళు దాటినా బొమ్మలు మిగిలాయంటే, వాటిని దాచిపెట్టినవాళ్ళు ఉన్నారు కాబట్టే. రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో ఇప్పటికీ చూడొచ్చు. బాపు పుట్టింది నరసాపురంలో. పత్రికల్లో వచ్చిన ఆయన బొమ్మలు కత్తిరించి పటం కట్టించుకున్న ఇళ్ళు ఎన్నో!

మన ఇంట్లోది అంత పేరున్నవాళ్ళ బొమ్మే కానక్కర్లేదు. కైకలూరు దగ్గరి ఆటపాకకు వెళ్ళొచ్చిన అమ్మాయి చెట్టు మీది గూడబాతును అరచేయంత కాగితం మీద గీసి ఉండొచ్చు. తాతయ్య ఉద్యోగం చేసే రోజుల్లో సరదాగా వేసిన కాలువగట్టు కావచ్చు. అలాంటిది ఒక్కటే ఉంటుంది. పాడైతే మళ్ళీ అచ్చు వేయించుకోవడానికి ఉండదు.

చిన్నదానికి చోటు ఎక్కువ

చిన్న బొమ్మకు సన్నటి ఫ్రేము చాలనుకుని అంచుకు ఆనించి కట్టించేస్తుంటారు. గోడ మీద అది తపాలా బిళ్ళలా కనిపిస్తుంది. బొమ్మ చిన్నదయ్యే కొద్దీ చుట్టూ ఖాళీ ఎక్కువుండాలి. ఆ ఖాళీ ఇచ్చేదే మౌంటు, అంటే మధ్యలో కిటికీ కోసిన దళసరి అట్ట. ఏలూరు తివాచీకి అంచు ఎలాగో బొమ్మకు మౌంటు అలాగ. చూపును లోపలికి నడిపించాలి తప్ప తన దగ్గరే ఆపేయకూడదు.

ఒక లెక్క చూద్దాం. బొమ్మ 5 అంగుళాల వెడల్పు, 7 అంగుళాల ఎత్తు ఉందనుకోండి. పైన, పక్కల 3 అంగుళాల చొప్పున, కింద మాత్రం మూడున్నర అంగుళాల మౌంటు వదలండి. కింద కాస్త ఎక్కువ లేకపోతే బొమ్మ జారిపోతున్నట్టు అనిపిస్తుంది. మొత్తం కొలత 11 అంగుళాల వెడల్పు, పదమూడున్నర అంగుళాల ఎత్తు అవుతుంది. చుట్టుకొలత 49 అంగుళాలు. అంగుళం వెడల్పున్న బీడింగ్ అయితే నాలుగు మూలలూ ఏటవాలుగా కోయడానికి ఇంకో 8 అంగుళాలు పోతుంది. అంటే అయిదడుగుల బీడింగ్ సరిపోతుంది. దుకాణాల్లో అడుగుల లెక్కన ధర చెబుతారు కాబట్టి ఈ లెక్క ముందే వేసుకుని వెళ్ళడం మంచిది.

మౌంటు రంగు విషయంలో తొందర వద్దు. బొమ్మలో బాగా కనిపించే రంగునే మౌంటుకూ వేస్తే రెండూ పోటీపడతాయి. మీగడ రంగు, లేత బూడిద రంగు దాదాపు దేనికైనా నప్పుతాయి.

అంటించొద్దు... కూర్చోబెట్టండి

బొమ్మను అట్టకు జిగురుతో మొత్తంగా అంటించేయడం చాలా చోట్ల మామూలే. సెల్లోటేపు వేసేవాళ్ళూ ఉన్నారు. కొన్నేళ్ళకు ఆ టేపు గోధుమరంగుకు తిరిగి, ఆ మరక కాగితంలోకి దిగుతుంది. మైదా బంక అయితే పురుగులకు విందు. పాత పుస్తకాల్లో తిరిగే రామబాణం పురుగులు వెతుక్కుంటూ వస్తాయి. లామినేషన్ మాట అసలే వద్దు. వేడితో ప్లాస్టిక్‌ను ఒకసారి అతికించాక బొమ్మను విడదీయడం కుదరదు.

దీనికి చక్కని ఉపాయం పాత ఫొటో ఆల్బముల్లోనే ఉంది. ఫొటో నాలుగు మూలలకూ చిన్న కాగితపు జేబులు ఉండేవి గుర్తుందా? అవే! మంచి కాగితాన్ని ముక్కోణంగా మడిచి, జేబును మాత్రమే వెనక అట్టకు అంటించి, బొమ్మ మూలను అందులోకి దూర్చాలి. మూలలు మౌంటు కింద దాగిపోతాయి. బొమ్మకు చుక్క జిగురు కూడా తగలదు. వానాకాలంలో సాగినా, ఎండాకాలంలో ముడుచుకున్నా దానికి కదిలే చోటు ఉంటుంది. “అంటించొద్దండీ, మూలలు పెట్టండి” అని ముందే చెబితే పటాలు కట్టేవాళ్ళు కాదనరు.

మామూలు అట్టల్లో ఆమ్లం ఉంటుంది. ఏళ్ళు గడిచే కొద్దీ అది బొమ్మ కాగితాన్ని పసుపుగా, తర్వాత గోధుమరంగుగా మారుస్తుంది. పాత పటాలు విప్పితే కిటికీ అంచు పొడవునా కనిపించే గోధుమ గీత దాని పనే. అందుకే బొమ్మకు తగిలే రెండు అట్టలూ, అంటే ముందున్న మౌంటు, వెనకున్నది ‘యాసిడ్ ఫ్రీ’ రకం తీసుకోవాలి. ఖర్చు తగ్గించుకోవాలంటే బీడింగ్‌లో తగ్గించుకోండి, ఇక్కడ కాదు.

అద్దం బొమ్మకు తగలకూడదు. తేమ పట్టినప్పుడు రంగు అద్దానికి అతుక్కుంటుంది. మౌంటు దళసరిగా ఉంటే ఆ ఎడం దానంతటదే వస్తుంది. అద్దం బదులు అక్రిలిక్ షీటు వేస్తే తేలిక, పగలదు. కానీ రుద్దితే దుమ్మును, పొడిని లాగుతుంది. సుద్దరంగులు, బొగ్గుతో వేసిన బొమ్మలకు మాత్రం అద్దమే మేలు.

మన ఊరి సొగసులు

ఇంత జాగ్రత్త చేశాక ఇక సరదా మీ ఇష్టం. పాత పెంకుటిళ్ళు విప్పినప్పుడు వచ్చే టేకు కిటికీ కమ్ములు, తాటి వాసాలు పాత కలప అమ్మేచోట దొరుకుతాయి. తాటిచెక్కలోని నల్లటి చారలు చిన్న బొమ్మ చుట్టూ ఎంత అందంగా ఉంటాయో! ఏళ్ళ తరబడి ఎండిన కలప కాబట్టి వంకర్లు పోయే భయం తక్కువ. చెద, పుచ్చు లేవని చూసుకుని కోయించుకుంటే చాలు. తాటిచెక్కకు నేరుగా మేకు కొడితే చీలుతుంది, ముందు సన్నటి రంధ్రం చేయించండి.

పెడన కలంకారీ గుడ్డను మౌంటు మీద చుట్టించుకోవచ్చు. గుడ్డ ముక్కను ముందు ఉతికి, బాగా ఆరబెట్టాలి. దానికీ బొమ్మకూ మధ్య పావు అంగుళం తెల్లటి మౌంటు కనిపించేలా రెండో కిటికీ పెట్టిస్తే గుడ్డ రంగు బొమ్మకు అంటదు. బామ్మ అల్లిన లేసు ముక్క ఉంటే పెట్టెలా లోతుగా ఉండే ఫ్రేములో బొమ్మ పక్కన అమర్చుకోవచ్చు. తుంగచాప ముక్క కూడా బాగుంటుంది కానీ అది తేమను పీలుస్తుంది. అందుకని అద్దం లోపల వద్దు. పటాన్ని చాప మీద తగిలించినట్టు వెనక గోడకు పెట్టుకోవాలి. తుంగ కోసం కొల్లేటిలోకి దిగొద్దు. 1999 నుంచి అది వన్యప్రాణుల అభయారణ్యం. చాప కొనుక్కుంటే సరి.

గోడకు కాస్త ఎడంగా...

పాత ఇళ్ళలో పటాలు గుర్తు తెచ్చుకోండి. గుమ్మం పైన, ముందుకు వంగి ఉండేవి. కింది అంచు గోడకు ఆని, పై అంచు ఎడంగా ఉండటంతో వెనక గాలి ఆడేది. ఇప్పుడు ఒక్క మేకు కొట్టి గోడకు అతికినట్టు తగిలిస్తున్నాం. చెమ్మ నేరుగా వెనక అట్టలోకి దిగుతోంది. సీసా బిరడాను రెండు బిళ్ళలుగా కోసి ఫ్రేము వెనక కింది మూలలకు అంటించండి. గాలికి దారి దొరుకుతుంది. స్నానాలగది గోడ, జల్లు కొట్టే బయటి గోడ, ఎండ పడే చోటు, దేవుడి దీపానికి పైన... ఈ నాలుగూ వద్దు. చిన్న బొమ్మ మధ్యభాగం నేల నుంచి అయిదడుగుల ఎత్తులో ఉంటే నిలబడి హాయిగా చూడొచ్చు.

అద్దం తుడిచేటప్పుడు నీళ్ళు అద్దం మీద చల్లకండి. గుడ్డను తడిపి, పిండి తుడవండి. లేకపోతే నీరు అంచుల్లోంచి లోపలికి జారుతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి కొల్లేటి ఊళ్ళలోకి నీళ్ళు వచ్చినట్టు ఎప్పుడైనా జరిగితే, తడిసిన పటాన్ని అలాగే ఎండలో పెట్టొద్దు. వెనక అట్ట విప్పి, బొమ్మను తెల్ల కాగితం మీద పరిచి, నీడలో గాలికి ఆరనివ్వాలి. బొమ్మ అద్దానికి అతుక్కుంటే మాత్రం లాగకండి. అద్దంతో సహా అలాగే ఉంచి, పాత చిత్రాలు బాగుచేయడం తెలిసినవాళ్ళకు చూపించాలి.

ఏటా సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు పటాలు దించి వెనకవైపు ఓసారి చూడండి. బూజు, చెద మొదట కనిపించేది అక్కడే. ఇంకొక్క పని. వెనక అట్ట మీద పెన్సిలుతో బొమ్మ ఎవరు వేశారు, ఏ ఏడు, ఎక్కడ కూర్చుని వేశారు అని రాసిపెట్టండి. ఇప్పుడు ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. ముప్పై ఏళ్ళ తర్వాత ఎవరో ఆ పటాన్ని దించినప్పుడు, ఆ గూడబాతును గీసిన చెయ్యి ఎవరిదో చెప్పేది ఆ రెండు వాక్యాలే.