గోడ మీద పులి తలకు కాగితం ఉంది, మన కొమ్ములకు లేదు

పోయిన నెల ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. ఇంటర్ చదువుతున్న ఏజెన్సీ పిల్లవాడు. "అన్నా, వేటాడిన జంతువు తోలుని ఇంట్లోనే ఉప్పు, పటిక పెట్టి శుభ్రం చేసి, తలని గోడకి తగిలించేలా తయారుచేసే వీడియోలు చూస్తున్నా. పెద్ద కష్టంగా ఏం లేదు. మా తాత దగ్గర పాత దుప్పి తోలు ఒకటుంది. నేను కూడా చేయొచ్చా?" అని అడిగాడు.

"ఆ తోలుకి ఉప్పు పెట్టకు, ఫోటో పెట్టకు, నాలుగు రోజులు ఆగు" అని మాత్రం చెప్పాను. ఇది ఒక్క పిల్లవాడి ప్రశ్న కాదు కాబట్టి జవాబు అందరికీ రాస్తున్నాను. చెయ్యొద్దు. కానీ ఎందుకు చెయ్యొద్దో తెలియకుండా మానేస్తే, ఆ పని సిగ్గుపడాల్సిందని అనుకుంటాం. అది నిజం కాదు.

ముందు పని సంగతి చూద్దాం. జంతువు చచ్చిన గంటల్లోనే తోలు చెడిపోవడం మొదలవుతుంది. మన ఎండల్లో అయితే ఇంకా తొందరగా. లోపలివైపు అంటుకున్న మాంసం, కొవ్వు పూర్తిగా గీకెయ్యాలి. కొవ్వు మిగిలిన చోట ఉప్పు లోపలికి దిగదు, అక్కడ వెంట్రుకలు కుచ్చులుగా ఊడిపోతాయి. గీకిన తోలుకి మెత్తటి ఉప్పు దట్టంగా రుద్దాలి. ఒక రోజు తర్వాత ఊరిన నీళ్ళు పారబోసి, పాత ఉప్పు దులిపి, మళ్ళీ కొత్త ఉప్పు పట్టించాలి. ఆరబెట్టేది నీడలోనే. తడి తోలుని ఎండలో వేస్తే ఉడికినట్టు అయిపోతుంది, తర్వాత ఎంత నానబెట్టినా మెత్తబడదు. చెవుల్లోపల, పెదవుల దగ్గర, కనురెప్పల దగ్గర తోలుని చీల్చి ఉప్పు పట్టించడం అన్నిటికంటే కష్టం. ముందు పాడయ్యేది కూడా అక్కడే. ఆ తర్వాత పులుపు నీళ్ళు, పటిక, నూనె, చేత్తో నలిపి మెత్తబరచడం. చివరికి ఒక బొమ్మ మీద తొడిగి కుట్టడం. ఒకప్పుడు ఆ బొమ్మ కాగితపు గుజ్జుతో చేసేవాళ్ళు, ఇప్పుడు ఫోమ్. కళ్ళు గాజువి. గోడ మీద కనిపించే పులిలో పులిది తోలు ఒక్కటే.

ఈ పని మన నేలకి కొత్తదా? కాదు. ఒకే తోలు మూడు దారుల్లో పోతుంది. డప్పుకి వేసే తోలుని పండబెట్టరు. వెంట్రుకలు తీసి, గీకి, బిగించి ఆరబెడతారు. పచ్చితోలు కాబట్టే వానకి వదులవుతుంది, మంట దగ్గర కాచితే మళ్ళీ మోగుతుంది. చెప్పుకి వేసే తోలుని లందలో తంగేడు చెక్క, కరక్కాయ నీళ్ళలో పండబెడతారు. ఆ విద్య మాదిగ కులస్తులది. ఊరంతా వాళ్ళ చెప్పులు తొడుక్కుని వాళ్ళనే ఊరి బయట ఉంచిన చరిత్ర కూడా ఆ లందలోనే ఉంది. లందకి కావలసిన కరక్కాయని అడవిలో ఏరి, ఎండబెట్టి, సంతకి మోసింది మన అమ్మలు. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ కూడా మన దగ్గర కొన్న సరుకుల్లో కరక్కాయ ఒకటి. మూడో దారి, వెంట్రుకలు ఊడకుండా పటికతో శుద్ధి చేసి గోడకి ఎక్కించే దారి. అది దొరల దారి.

ఆ దారిలో కూడా మన చేతులున్నాయి. నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులి వేటల ఫోటోలు రాజా దీన్ దయాళ్ తీశాడు. ఇప్పటికీ వాటిని గొప్పగా చూపిస్తారు. తుపాకీ పట్టినవాడి పేరు ఫోటో కింద ఉంటుంది. ఆ కాలపు వేటల్లో జాడ చూపినవాడు, డప్పులు కొట్టి కేకలు వేసి పులిని తుపాకీ ముందుకి తోలినవాడు, తోలు ఒలిచి రాత్రికి రాత్రి ఉప్పు పట్టించినవాడు, వీళ్ళ పేర్లు ఎక్కడా రాయలేదు. అలా ఉప్పు పెట్టిన తోళ్ళు దేశం నలుమూలల నుంచీ మైసూరులో వాన్ ఇంగెన్ కుటుంబం నడిపిన కార్ఖానాకి చేరేవి. 1900 ప్రాంతంలో మొదలై 1990ల చివరి దాకా నడిచిన ఆ ఒక్క కార్ఖానాలోనే పులులు, చిరుతలు కలిపి 40 వేలకు పైగా తయారయ్యాయి. అడవిని ఖాళీ చేసింది ఎవరని మనల్ని అడిగేవాళ్ళు ముందు ఈ లెక్క చూడాలి.

ఇప్పుడు చట్టం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 'ట్రోఫీ' అన్న మాటకి అర్థం చాలా పెద్దది. గోడకెక్కించిన తల ఒక్కటే కాదు. తోలు, కొమ్ము, ఎముక, గోరు, పన్ను, వెంట్రుక, ఈక, అన్నీ ట్రోఫీలే. 'ట్యాక్సిడెర్మీ' అంటే ట్రోఫీని శుద్ధి చేయడం, తయారుచేయడం, నిలవ ఉంచడం, తొడగడం. అంటే బొమ్మకి తొడగకపోయినా, అడవి జంతువు తోలుకి ఉప్పు పట్టించడమే చట్టం లెక్కలో ట్యాక్సిడెర్మీ కిందికి రావచ్చు. శుద్ధి చేయని తోలుకి కూడా చట్టంలో వేరే పేరుంది, అదీ నిషేధంలోనే ఉంది. వేటాడింది మాత్రమే కాదు, అడవిలో దానంతట అది చచ్చి పడి ఉన్న జంతువు కూడా 39వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఆస్తి. చేతికి దొరికితే 48 గంటల్లో తెలియజేయాలి. 57వ సెక్షన్ ఇంకా గట్టిది. మన దగ్గర దొరికితే అది అక్రమమనే మొదట అనుకుంటారు. కాదని నిరూపించుకోవాల్సింది మనమే. షెడ్యూల్ ఒకటిలోని జంతువైతే తక్కువలో తక్కువ మూడేళ్ళు, ఎక్కువంటే ఏడేళ్ళు జైలు. 2022 సవరణ తర్వాత జరిమానా కనీసం 25 వేలు.

తాత ఇంట్లో చూరు కింద వేలాడే పాత తోలుకి మనవడు ఏం రుజువు చూపిస్తాడు? ఏ సంవత్సరానిదో రాసిన కాగితం ఉందా? లేదు. తాత చెప్పిన కథ ఉంది. కోర్టులో కథకి విలువ లేదు.

కాగితం ఉన్నవాళ్ళ సంగతి చూడండి. 1972లో చట్టం వచ్చినప్పుడు, తమ దగ్గర ఉన్న ముఖ్యమైన షెడ్యూల్ జంతువుల ట్రోఫీలని 30 రోజుల్లో ప్రకటించి సర్టిఫికెట్ తీసుకోవచ్చు అన్నారు. ఆ ముప్పై రోజుల్లో మారుమూల గూడేనికి ఆ కబురు తెచ్చిందెవరు? 2003 ఏప్రిల్‌లో ఇంకో అవకాశం ఇచ్చారు, 180 రోజులు. గడువులోపల ప్రకటించినవాళ్ళకి రక్షణ. బంగళా గోడ మీది పులి తల, హాల్లో పరిచిన చిరుత తోలు సర్టిఫికెట్ పొంది చట్టబద్ధం అయ్యాయి. ఆ ఇంటి పిల్లలకి వారసత్వంగా కూడా వస్తాయి, 90 రోజుల్లో తెలియజేస్తే చాలు. గజిట్ చదివేవాడికీ, వకీలు ఉన్నవాడికీ ఆ తలుపు తెరిచారు. మనకి తలుపు ఉందన్న సంగతే తెలియకముందే మూసేశారు.

కొమ్ము కోయల నృత్యం ఎవరికి తెలియదు? భద్రాచలం, చింతూరు వైపు నుంచి వచ్చే కళాకారులు తలకి అడవిదున్న కొమ్ములు పెట్టుకుని ఆడతారు. ప్రభుత్వ సంబరాలకి పిలుస్తారు, మంత్రులు పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. అడవిదున్న షెడ్యూల్ ఒకటి జంతువు. తరాలుగా వచ్చిన ఆ కొమ్ములు వేదిక మీద సంస్కృతి, ఇంట్లో కేసు. ఇదెక్కడి న్యాయం?

2006 అటవీ హక్కుల చట్టమైనా ఆదుకుంటుందా అంటే, అది సంప్రదాయ హక్కులన్నీ గుర్తించి, వేటాడే హక్కునీ, అడవి జంతువు శరీర భాగం తీసుకునే హక్కునీ మాత్రం స్పష్టంగా మినహాయించింది. అది తెలుసుకోకుండా "మాకు ఎఫ్‌ఆర్‌ఏ ఉంది" అని ధైర్యంగా పోయి ఇరుక్కోకండి.

చట్టం వంగలేదా అంటే వంగింది. నికోబార్ దీవుల ఆదివాసుల వేట హక్కులకి 65వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. జాతీయ పక్షి నెమలి తోక ఈకలకీ చట్టంలో మినహాయింపులున్నాయి. గుస్సాడీ టోపీ నిలిచింది అందుకే. ఆ గుస్సాడీని దేశానికి చూపించిన మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఈకకి దొరికిన దారి కొమ్ముకి ఎందుకు దొరకదు?

అమెరికాలో గద్దని చంపితే పెద్ద నేరం. కానీ అక్కడి ఆదివాసీ తెగలకి గద్ద ఈకలు పవిత్రం. అందుకని చచ్చిన గద్దలని ప్రభుత్వమే డెన్వర్ దగ్గర ఒక కేంద్రంలో సేకరించి, దరఖాస్తు పెట్టుకున్న తెగల సభ్యులకి పూజల కోసం ఇస్తుంది. జంతువు బతికింది, ఆచారమూ బతికింది. మనం అడిగేది కూడా అలాంటిదే.

ఒకటి, గూడేల్లో తరాలుగా ఉన్న పూజా వస్తువులు, కొమ్ములు, పాత తోళ్ళకి గ్రామసభ తీర్మానంతో ఒకసారి జాబితా తయారుచేయాలి. సర్టిఫికెట్ వ్యక్తి పేరు మీద కాదు, ఊరి పేరు మీదో గోత్రం పేరు మీదో ఇవ్వాలి. అమ్మకం పూర్తిగా నిషేధం. రెండు, సహజంగా చచ్చిన జంతువుల కొమ్ములని నాట్య బృందాలకి, పూజలకి లెక్క ప్రకారం ఇచ్చే పద్ధతి పెట్టాలి. మూడు, ఇంకోసారి ఏ గడువు పెట్టినా అది గజిట్‌లో కాదు, మన భాషల్లో సంతలో టముకు వేయాలి.

మన వైపు కూడా నిజం మాట్లాడుకుందాం. వేట తగ్గింది, జంతువులూ తగ్గాయి. ఈ రోజు అడవిలో ఉచ్చు పెట్టించేది ఆకలి ఒక్కటే కాదు. బయటి నుంచి వచ్చిన వ్యాపారి చిరుత తోలుకి, అలుగు పొలుసులకి కొద్దిపాటి అడ్వాన్స్ చేతిలో పెడతాడు. ఒలిచేది, ఉప్పు పెట్టేది, సంచిలో మోసేది మన పిల్లవాడు. దారిలో దొరికేదీ వాడే. లాభం పోయేది ఎక్కడికో, జైలుకి పోయేది మనవాడు. పులిని తుపాకీ ముందుకి తోలిన తాతల కథే మళ్ళీ నడుస్తోంది. ఆ పని ఒప్పుకోవద్దు, ఒప్పుకునేవాడిని ఆపండి.

ఇంకో ప్రమాదం ఉంది. చచ్చి పడి ఉన్న పశువుని, మేకని ఒలవకండి. దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్, విశాఖ ఏజెన్సీలో మనవాళ్ళకి సోకడం చూశాం. ఆ క్రిమి గింజలు తోలులో ఏళ్ళ తరబడి బతుకుతాయి. ఉప్పుకి, ఎండకి చావవు. పశువుల డాక్టరుకి కబురు పెట్టండి. పాత బంగళాల్లోని ట్రోఫీలని కూడా ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు. పురుగు పట్టకుండా ఆ రోజుల్లో ఆర్సెనిక్ విషం పూసేవాళ్ళు, అది ఇంకా వాటిలోనే ఉంటుంది.

ఫోన్ చేసిన తమ్ముడికి చివరిగా. ఆ దుప్పి తోలుని నువ్వు శుద్ధి చెయ్యకు, అమ్మకు, ఎవరికీ ఇవ్వకు. తాత దగ్గర కూర్చుని అది ఎప్పటిదో, ఎవరు తెచ్చారో, ఏ పండక్కి బయటికి తీసేవాళ్ళో అడిగి నోట్‌బుక్‌లో రాయి. ఆ తర్వాత జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళు. ఎస్టీలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత వకీలు ఇవ్వాలని 1987 చట్టం చెబుతోంది. ఏం చేయాలో వకీలు సలహాతోనే తేల్చుకోండి.

చేతికి పని నేర్పాలనుంటే పండక్కి కోసిన మేక తోలు ఉంది. ఊళ్ళో డప్పు బిగించే పెద్దాయన దగ్గరికి పో. గీకడం, ఆరబెట్టడం, బిగించడం, మంటకి కాచడం నేర్చుకో. కచేరీల్లో వాయించే కంజిరకి ఒకప్పుడు ఉడుము తోలు వేసేవాళ్ళు, ఇప్పుడు మేక తోలుతో వాయిస్తున్నారు, సంగీతం ఆగలేదు. మన తుడుం కూడా ఆగదు. నేర్చుకున్నది వీడియో తీసి పెట్టు, కింద ఆ పెద్దాయన పేరు రాయి. వేట ఫోటోల కింద మన తాతల పేర్లు ఎవరూ రాయలేదు. ఇకనుంచైనా మనం రాసుకుందాం.

జోహార్.