మొదటి ఆప్షన్‌లో భయాన్ని పెట్టకండి

పోయిన ఆదివారం పొద్దున్నే మా బాబాయ్ ఫోన్. "నాయనా, గురువారం రాత్రికల్లా ఆప్షన్లు పెట్టాలంట. వీడు చూస్తే పూటకో కాలేజీ పేరు చెప్తున్నాడు. నువ్వొకసారి వచ్చి చూసిపోరా" అన్నాడు. వెళ్లా. డైనింగ్ టేబుల్ మీద నోట్‌బుక్, అందులో తమ్ముడు రాసుకున్న 34 ఆప్షన్లు. పక్కనే ఇంకో కాగితం. అది మిర్యాలగూడ దగ్గర బాబాయ్ కొనుక్కున్న ప్లాటు తాలూకు జిరాక్స్. "వాడికి కన్వీనర్ కోటాలో మంచి కాలేజీలో సీఎస్‌ఈ రాదంట. మేనేజ్‌మెంట్ సీటు మాట్లాడా. ప్లాటు తీసేస్తే సరిపోతది" అన్నాడు చాలా మామూలుగా, పాత బండి అమ్ముతున్నట్టు.

నేను ముందు ప్లాటు సంగతి ఎత్తలేదు. నోట్‌బుక్ తీసుకుని మొదటి ఆప్షన్ చూశా. వాళ్ల ఇంటి దగ్గర ఉన్న ఓ చిన్న కాలేజీ. "ఇది నీకు అన్నిటికన్నా ఇష్టమైందా?" అని అడిగా. "కాదన్నా, ఇదైతే పక్కా వస్తది. ముందు వచ్చేవి పెట్టకపోతే సీటే రాదన్నారు నెట్ సెంటర్‌లో" అన్నాడు.

సరిగ్గా ఇదే మాట నేను పన్నెండేళ్ల కిందటి లెక్కలో విన్నట్టు అనిపించింది కానీ, అంతకాలం కాలేదు. నేను ఆప్షన్లు పెట్టిన రోజు నాన్నతో కలిసి నెట్ సెంటర్‌లో కూర్చున్నా. కంప్యూటర్ ముందున్న ఆయన "మీ ర్యాంకుకి పెద్దవి రావు సార్, వచ్చేవి పైన పెడదాం" అన్నాడు. నాన్నకి ఆ విషయం తెలీదు, నాకూ తెలీదు. సరే అన్నాం. మొదటి ఆప్షనే వచ్చింది, ఇంట్లో స్వీట్లు పంచారు. మరుసటి ఏడాది ఖాళీగా ఉన్నప్పుడు చివరి ర్యాంకుల జాబితా తీసి చూశా. నేను నిజంగా కోరుకున్న కాలేజీలో ఈసీఈ సీటు నాకన్నా వెనక ర్యాంకు వాళ్లకి కూడా వచ్చింది. అది నా జాబితాలోనూ ఉంది, పదకొండో స్థానంలో. ఈ సంగతి నాన్నకి ఇప్పటికీ చెప్పలేదు.

కంప్యూటర్ మీ భయాన్ని చదవదు

కౌన్సెలింగ్ ఎలా పనిచేస్తుందో ఒక్క నిమిషంలో చెప్తా. కంప్యూటర్ ర్యాంకుల వరుసలో వస్తుంది. మీ వంతు రాగానే మీ మొదటి ఆప్షన్ చూస్తుంది. మీ కేటగిరీలో సీటు ఉంటే ఇచ్చేస్తుంది, అక్కడితో ఆగిపోతుంది. లేకపోతే రెండోది, తర్వాత మూడోది. అంటే రాని కాలేజీని పైన పెట్టినందుకు మీకు పోయేదేమీ లేదు. వచ్చే కాలేజీని పైన పెడితే మాత్రం దాని కింద ఉన్నవన్నీ పోయినట్టే. కాబట్టి వరుస ఒక్కటే: ఎక్కువ ఇష్టమైంది పైన, తక్కువ ఇష్టమైంది కింద. కచ్చితంగా వస్తాయనుకున్నవి చివర్లో కొన్ని ఉండాలి, అవి కూడా చేరడానికి సిద్ధపడ్డవే అయ్యుండాలి.

ఇంకో రెండు విషయాలు. సీటు వచ్చాక గడువులోగా ఫీజు కట్టి ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే ఆ సీటు రద్దవుతుంది. రెండో విడతలో మళ్లీ ఆప్షన్లు పెట్టి కొత్త సీటు వస్తే, చేతిలో ఉన్న పాత సీటు దానంతటదే పోతుంది, "పాతదే బాగుంది" అంటే కుదరదు. అందుకే రెండో విడతలో, ఇప్పుడున్న దానికన్నా నిజంగా మంచివి అనుకున్నవే పెట్టండి.

పోయినేడాది చివరి ర్యాంకుల జాబితా కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. కాలేజీ, బ్రాంచ్, కేటగిరీ, అబ్బాయిలు, అమ్మాయిలు అన్నీ విడివిడిగా. అందులో మీ వరుసనే చూసుకోండి. పక్కింటి వాళ్లకి ఏ ర్యాంకుకి ఏమొచ్చిందనేది మీకు పనికిరాదు.

ఫ్లెక్సీలో ఉన్నది ఒక్కడి జీతం

హైదరాబాద్ చుట్టూ ఇబ్రహీంపట్నం, ఘట్‌కేసర్, మైసమ్మగూడ ఎటు వెళ్లినా దారి పొడవునా కాలేజీల ఫ్లెక్సీలే. ఒక ఫొటో, కింద లక్షల్లో ప్యాకేజీ. అది ఆ ఒక్క పిల్లాడిది. మీకు కావాల్సింది మధ్యలో నిలబడ్డ పిల్లాడి సంగతి. ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగ్‌లో పాల్గొనే కాలేజీలు ఎంతమంది చదువు పూర్తి చేశారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, వాళ్ల మధ్యస్థ జీతం ఎంత అనే లెక్కలు ఇస్తాయి. ఆ పీడీఎఫ్ కాలేజీ వెబ్‌సైట్‌లో వెతికితే దొరుకుతుంది. మధ్యస్థ జీతం అంటే ఉద్యోగం వచ్చినవాళ్లని జీతాల వరుసలో నిలబెడితే సరిగ్గా నడుమ ఉన్నవాడిది. మీరు అవ్వబోయేది చాలావరకు వాడే.

న్యాక్ గ్రేడు కాలేజీ మొత్తానికి ఇస్తారు. ఎన్‌బీఏ గుర్తింపు మాత్రం బ్రాంచ్‌కి ఇస్తారు. కాలేజీ గేటు మీద ఎన్‌బీఏ అని రాసుందంటే అది సివిల్‌కి కావచ్చు, మీరు చేరే కొత్త బ్రాంచ్‌కి కాకపోవచ్చు. ఏ బ్రాంచ్‌కి, ఎప్పటిదాకా అన్నది చూడండి.

బ్రాంచ్ గురించి ఒక మాట. సీఎస్‌ఈ పక్కన ఏఐ, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ అని ఎన్ని తోకలున్నా పునాది ఒకటే: డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్, నెట్‌వర్క్స్. నేను ఇంటర్వ్యూలకి వెళ్లినప్పుడు అడిగింది ఇవే. ఇప్పుడు మా టీమ్‌లో ఈసీఈ, మెకానికల్ చదివి వచ్చినవాళ్లూ ఉన్నారు. కొన్ని కంపెనీలు కంప్యూటర్ బ్రాంచ్‌ల వాళ్లనే పిలుస్తాయి, అది నిజమే, దాచను. అయినా పాఠం చెప్పే మనిషి లేని సీఎస్‌ఈ కన్నా మంచి కాలేజీలో ఈసీఈ మేలని నా అనుభవం.

దూరం కూడా లెక్కే. బస్సులో రోజుకి 3 గంటలు, ఏడాదికి 180 రోజులు అనుకుంటే నాలుగేళ్లకి 2,160 గంటలు. హాస్టల్ ఖర్చు లెక్కేసేటప్పుడు ఈ గంటల్ని కూడా పక్కన రాసుకోండి.

ఇక మేనేజ్‌మెంట్ సీటు. ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం కన్వీనర్ కోటా, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. ఇదంతా చెప్పి బాబాయ్‌ని ఒకటే అడిగా: "ఆ కాలేజీ లోపలికి ఎప్పుడైనా వెళ్లారా?" వెళ్లలేదు. ఏజెంటు ఫోన్‌లో వీడియో చూపించాడంట.

సోమవారం ఇద్దర్నీ పంపించా. ఆఫీసు రూముకి కాదు, క్యాంటీన్‌కి వెళ్లమన్నా. మూడో సంవత్సరం పిల్లల్ని మూడు ప్రశ్నలు అడగమన్నా. ల్యాబ్‌లో మనిషికో కంప్యూటర్ ఉందా? పోయిన సెమిస్టర్‌లో ఎంతమంది లెక్చరర్లు మధ్యలో మారారు? మీ తమ్ముడైతే ఇక్కడ చేర్పిస్తావా? మూడో ప్రశ్నకి ఓ పిల్లాడు నవ్వి ఊరుకున్నాడంట. సాయంత్రం బాబాయ్ ఫోన్ చేసి, "ప్లాటు సంగతి తర్వాత చూద్దాంలే" అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు.

చేరాక మొదటి ఆరు నెలలు

సీటు తప్పు పెట్టుకున్న నేను ఏమైపోలేదు. ఉద్యోగం వచ్చింది, బాగానే ఉన్నా. కానీ ఆ కాలేజీ అన్యాయం చేసిందని మొదటి సెమిస్టర్ మొత్తం అలిగి కూర్చున్నా. ఫలితం, మ్యాథ్స్‌లో బ్యాక్‌లాగ్. అది పోవడానికి ఏడాది పట్టింది. కాలేజీ ఏదైనా ఈ తప్పు మాత్రం చేయకండి. క్యాంపస్‌కి వచ్చే చాలా కంపెనీలు 60 శాతం మార్కులు, బ్యాక్‌లాగ్‌లు లేకపోవడం అనే గీత గీస్తాయి. ఆ గీత మొదటి సెమిస్టర్ నుంచే మొదలవుతుంది.

హాజరు 75 శాతం ఉండాలి. జేఎన్‌టీయూ హైదరాబాద్ నిబంధనల ప్రకారం 65 నుంచి 75 మధ్య ఉంటే సరైన కారణం చూపిస్తే క్షమిస్తారు. 65 కన్నా తగ్గితే పరీక్ష రాయనివ్వరు.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకి మొదటి నెల నరకంలా ఉంటుంది. నాకూ అలాగే ఉండేది. క్లాసులో అర్థం కాని పాఠాన్ని ఆ రాత్రే యూట్యూబ్‌లో తెలుగులో వినండి, మర్నాడు ఇంగ్లిష్ పుస్తకంలో అదే పేజీ చదవండి. ఐఐటీల ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితం. డౌట్ క్లాసులో అడగలేకపోతే బయట వరండాలో అడగండి. ఎవరూ తిట్టరు.

సీ ప్రోగ్రామింగ్‌ని కంఠస్థం చేయకండి. రోజుకి ఒక చిన్న ప్రోగ్రాం మీ చేత్తో రాయండి, తప్పు వస్తే మీరే వెతకండి. నా ఉద్యోగంలో సగం పని ఇప్పటికీ అదే. చేరిన వారంలోనే అప్పు చేసి ఖరీదైన ల్యాప్‌టాప్ కొనక్కర్లేదు. కొన్ని నెలలు కాలేజీ ల్యాబ్‌తో గడుస్తుంది.

ర్యాగింగ్‌ని "సీనియర్ల సరదా" అని ఓర్చుకోకండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే దానికి చట్టం వచ్చింది. యూజీసీ హెల్ప్‌లైన్ 1800 180 5522, రాత్రీ పగలూ పనిచేస్తుంది. ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం, బ్యాక్‌లాగ్ వస్తే ఇంట్లో చెప్పండి. నేను ఎనిమిది నెలలు దాచా. ఆ ఎనిమిది నెలలు ఇంటికి ఫోన్ చేయాలంటేనే భయం. చివరికి చెప్తే నాన్న "రెండోసారి ఫీజు ఎంత?" అని మాత్రమే అడిగాడు.

తమ్ముడు గురువారం రాత్రి ఆప్షన్లు ఫ్రీజ్ చేసి స్క్రీన్‌షాట్ పంపాడు. మొదటి ఆప్షన్, వాడికి నిజంగా ఇష్టమైన కాలేజీ. రావచ్చు, రాకపోవచ్చు. రాకపోతే రెండోది ఉంది. ఈ వారం నేను కూడా ఊరెళ్తున్నా. ఆ పదకొండో ఆప్షన్ సంగతి నాన్నకి చెప్పేస్తా.