పదిహేను వేల రూపాయలు

పోయిన ఏడాది మా హేతువాద సంఘం కార్యవర్గ సమావేశం మూడు గంటలు సాగింది. ఎజెండాలో ఒకటే అంశం. మునిసిపాలిటీ ఇస్తానన్న 15 వేల రూపాయలు తీసుకోవాలా, వద్దా? దేవుడున్నాడా లేడా అన్న దాని మీద కూడా మాలో ఎప్పుడూ ఇంత గొడవ జరగలేదు. (దాని మీద మాకు పేచీ లేదనుకోండి.)

విషయం ఇది. ఏటా ఫిబ్రవరి 28న, జాతీయ సైన్సు దినోత్సవం నాడు మొదలుపెట్టి ఒక వారం పాటు మా ఊరి ప్రభుత్వ పాఠశాలల్లో ప్రదర్శనలు ఇస్తాం. నెయ్యి పేరుతో గ్లిజరిన్ పోసి హోమగుండం దానంతట అదే రాజుకునేలా చేయడం, నిమ్మకాయ కోస్తే రక్తం కారడం, నాలుక మీద కర్పూరం వెలిగించడం. ముందు చేసి చూపిస్తాం, తర్వాత ఎలా చేశామో విప్పి చెబుతాం. మంత్రాలకు చింతకాయలు రాలవని పిల్లలకు ఊరికే చెబితే నవ్వి ఊరుకుంటారు. కళ్ళముందు చేసి చూపిస్తే ప్రశ్నలు వేస్తారు. చివర పావుగంట పాముకాటు గురించి మాట్లాడతాం. మన దేశంలో ఏటా సుమారు 58 వేల మంది పాముకాటుతో చనిపోతున్నారని 2020లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. మా ఊరి శివారు వార్డుల్లో పాము కరిస్తే ఇప్పటికీ ముందు మంత్రగాడి దగ్గరికే తీసుకెళతారు. ఆసుపత్రికి వచ్చేసరికి ఆలస్యమై పోయిన ప్రాణాలు మాకు తెలుసు. అందుకని ఆ పావుగంట మాకు ముఖ్యం.

దీనికయ్యే ఖర్చు పెద్దదేమీ కాదు. రసాయనాలు, ఆటో కిరాయి, మైకు అద్దె, పిల్లలకు పంచే జిరాక్సు కాగితాలు. ఎనిమిది స్కూళ్ళకు 15 వేలు అవుతుంది. ఇన్నాళ్ళూ చందాలతో నడిచింది. సభ్యుల్లో ఎక్కువమంది పెన్షనర్లు. అందరికంటే ఎక్కువ ఇచ్చే డాక్టరు గారు చనిపోయారు. అంతకు ముందు ఏడాది మూడు స్కూళ్ళతోనే ఆపేశాం. అప్పుడు నేను మునిసిపాలిటీకి ఒక అర్జీ పెట్టాను. ఆశ్చర్యంగా, సరే ఇస్తాం అన్నారు. కాకపోతే ఫ్లెక్సీ మీద ఛైర్మన్ గారి బొమ్మా, మా వార్డు కౌన్సిలర్ గారి బొమ్మా వెయ్యాలట. అర్జీ మీద ఎవరూ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ఎన్ని స్కూళ్ళు, ఏం చేస్తారు, లెక్కలు ఎప్పుడిస్తారు, ఏమీ లేదు. బొమ్మల కొలత మాత్రం చెప్పారు.

మా మాస్టారు గారు (నాకు చదువు చెప్పినవారు, సంఘంలో అందరికంటే పెద్ద) వద్దే వద్దన్నారు. "సర్కారు డబ్బు తిన్న నోరు సర్కారును ప్రశ్నించదు" అన్నది ఆయన వాదన. ఆయన వయసుకీ అనుభవానికీ గౌరవం ఇస్తూనే నేను ఒప్పుకోలేదు. అది సర్కారు డబ్బు ఎట్లా అయింది? మీరూ నేనూ కట్టిన ఇంటి పన్ను, నీటి పన్ను. ఛైర్మన్ గారి జేబులోది కాదు. మన డబ్బు మనం అడగడానికి సిగ్గెందుకు? సిగ్గుపడాల్సింది ఆ బొమ్మలకు.

అయినా మాస్టారు మాటలో నిజం లేదని అనను. పశ్చిమ బెంగాల్ చూడండి. అక్కడి ప్రభుత్వం 2018లో దుర్గా పూజ కమిటీలకు తలా 10 వేలు ఇవ్వడం మొదలుపెట్టింది. 28 వేల కమిటీలు, 28 కోట్లు. 2020లో కరోనా ఏడాది అది 50 వేలయింది. 2024లో 85 వేలు. 2025లో లక్షా పది వేలు. కమిటీల సంఖ్య 40 వేలు దాటింది. ఇదీ చిన్న గ్రాంటే, ఒక్కో క్లబ్బుకు చూస్తే. ఆ క్లబ్బుల్లో చాలావాటికి లైబ్రరీ ఉంటుంది, ఫుట్‌బాల్ టీమ్ ఉంటుంది, రక్తదాన శిబిరాలు జరుపుతాయి. వాటిని నేను తక్కువ చేయను. కాని 2020లో కలకత్తా హైకోర్టు కలగజేసుకుని, ఇచ్చిన దానిలో 75 శాతం మాస్కులకూ శానిటైజర్లకూ ఖర్చు పెట్టాలని చెప్పవలసి వచ్చింది. 2025 ఆగస్టులో అదే కోర్టు, పాత డబ్బుకు లెక్కలు చూపని కమిటీలకు కొత్త డబ్బు ఇవ్వొద్దని చెప్పవలసి వచ్చింది. లెక్క చెప్పనివాడికి మళ్ళీ ఇవ్వకూడదన్న ఇంగితం కోర్టు చెబితే గాని రాలేదంటే, ఇచ్చేవాడు లెక్క కోసం ఇవ్వడం లేదని అర్థం.

2024 ఆగస్టులో ఆర్జీ కర్ ఆసుపత్రిలో యువ డాక్టరుపై అత్యాచారం, హత్య జరిగినప్పుడు కొన్ని పూజ కమిటీలు ఆ 85 వేలూ మాకొద్దని నిరసనగా ప్రకటించాయి. నాకు ఆ వార్త చదివినప్పుడు సంతోషమూ బాధా రెండూ కలిగాయి. సంతోషం ఎందుకో చెప్పక్కర్లేదు. బాధ ఎందుకంటే, నోరు విప్పాలంటే ముందు డబ్బు వదులుకోవాలని వాళ్ళకు అనిపించింది. రూలు ప్రకారం వచ్చిన డబ్బయితే తీసుకుని కూడా తిట్టవచ్చు. రేషను బియ్యం తినేవాడు ప్రభుత్వాన్ని తిట్టడం లేదా? దయతో వచ్చిన డబ్బు అయితేనే నోరు మూతపడుతుంది. మాస్టారు భయపడింది దీనికే. కాని ఆయన తప్పు డబ్బు మీద మోపారు. తప్పు ఇచ్చే పద్ధతిలో ఉంది.

మన దగ్గర మాత్రం ఏం తక్కువ? వినాయక మండపాలకు ఉచిత కరెంటు 2024లో తెలంగాణలో, 2025లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వాలు ప్రకటించాయి. రాజ్యాంగం 27వ అధికరణ ప్రకారం ఏదో ఒక మతాన్ని పెంచడానికి ప్రత్యేకించిన పన్ను కట్టమని ఎవరినీ బలవంతపెట్టకూడదు. మన మిత్రులు ఈ అధికరణను చూపించి ఇవన్నీ చెల్లవు అంటుంటారు. అంత సులువు కాదు. 2011లో హజ్ సబ్సిడీ మీద వేసిన కేసులో సుప్రీంకోర్టు, పన్నులో గణనీయమైన భాగం మతానికి పోతేనే ఈ అధికరణ వర్తిస్తుందని చెప్పింది. కాబట్టి కోర్టుల మీద భారం వేసి కూర్చుంటే లాభం లేదు. పోట్లాడవలసింది కౌన్సిల్ హాల్లో, వార్డు సభలో.

పోట్లాడి ఏం అడగాలి? కేరళలో నడుస్తున్న పద్ధతి ఒకటి నాకు నచ్చుతుంది. 1945లో అంబలప్పుజలో పి.ఎన్. పణిక్కర్ 47 ఊరి గ్రంథాలయాలను ఒక చోట చేర్చి సంఘం పెట్టాడు. ఆ సంఘానికి 1975లో యునెస్కో క్రుప్‌స్కాయా బహుమతి వచ్చింది. తర్వాత 1989లో చట్టం చేసి దాన్ని రాష్ట్ర లైబ్రరీ కౌన్సిల్‌గా మార్చారు. ఇప్పుడు 9 వేలకు పైగా గ్రంథాలయాలు అందులో ఉన్నాయి. ఇవి ప్రభుత్వ శాఖలు కావు. ఊళ్ళోవాళ్ళు పెట్టుకున్న సంఘాలు. కమిటీని సభ్యులే ఎన్నుకుంటారు. తాలూకా, జిల్లా, రాష్ట్ర కౌన్సిళ్ళకు కూడా ఎన్నికలే. పుస్తకాలు ఎన్ని, సభ్యులు ఎందరు, ఎన్ని పుస్తకాలు ఇంటికి వెళ్ళాయి, ఏం కార్యక్రమాలు జరిపారు అన్నవి చూసి గ్రేడు ఇస్తారు. గ్రేడును బట్టి ఏటా గ్రాంటు. పెద్ద మొత్తం కాదు. కాని వస్తుందని ముందే తెలుసు, ఎంత వస్తుందో తెలుసు, ఎక్కువ రావాలంటే ఏం చెయ్యాలో తెలుసు. ఎమ్మెల్యే గారి ఇంటి చుట్టూ తిరగక్కర్లేదు. అక్కడా పార్టీ రాజకీయాలు లేవని కాదు. లైబ్రరీ కౌన్సిల్ ఎన్నికల్లో పార్టీలు బాహాటంగానే తలపడతాయి. అయినా గ్రేడు అన్నది కాగితం మీద ఉంటుంది, ఎందుకు తగ్గించారని అడగవచ్చు.

ఇది రాస్తుంటే నాకు కడుపు మండుతుంది. ఎందుకంటే ఈ పని మనవాళ్ళు వాళ్ళకంటే ముందు మొదలుపెట్టారు. 1914లోనే బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. చిలకమర్తి అధ్యక్షుడు, అయ్యంకి వెంకటరమణయ్య దాని వెనక మనిషి. వేటపాలెం వాళ్ళు 1918లో సారస్వత నికేతనం పెట్టుకున్నారు. 1935లో పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య కాలవ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. సర్కారు అడిగితే చేసినవి కావు ఇవి. 1960లో గ్రంథాలయాల చట్టం వచ్చింది, గ్రంథాలయ పన్ను వచ్చింది. ఈనాడు ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు దానికే వసూలు చేస్తారు. మీ పన్ను రసీదు తీసి చూడండి, ఆ పద్దు కనిపిస్తుంది. వసూలు చేసిన మునిసిపాలిటీలు, పంచాయతీలు చాలా చోట్ల ఆ డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థకు సకాలంలో జమ చెయ్యవు. బకాయిలు కోట్లలోకి పోయాయని ఏటా పత్రికల్లో వస్తూనే ఉంటుంది. జనం దగ్గర ఫలానా పనికి అని చెప్పి తీసుకున్న డబ్బు అది. దాన్ని ఆపుకుని, ఇంకో చేత్తో పండగ పందిళ్ళకు ధర్మం చేయడాన్ని ఏమనాలి?

మళ్ళీ మా సమావేశానికి వస్తాను. గ్రాంటుకు రూలు ఉండాలని నేనంటే ఒక కుర్రాడు, మా అందరిలో చిన్నవాడు, మంచి ప్రశ్న వేశాడు. "సార్, రూలు పెడితే రేపు గుడి కమిటీ కూడా అర్జీ పెడుతుంది. చర్చి యువజన సంఘం పెడుతుంది. అప్పుడు మీరేమంటారు?"

సమావేశంలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నేనూ వెంటనే చెప్పలేకపోయాను. ఇంటికెళ్ళి రెండు రోజులు ఆలోచించాను. ఇప్పుడు నా అభిప్రాయం ఇది. పెట్టనివ్వాలి. ఎవరు అడిగారన్నది కాదు, దేనికి అడిగారన్నది చూడాలి. గుడి కమిటీ ఎండాకాలం చలివేంద్రానికి అడిగితే, దాహం వేసిన ఎవరికైనా నీళ్ళు పోస్తామంటే, ఇవ్వాలి. మసీదు కమిటీ పదో తరగతి పిల్లలందరికీ సాయంత్రం ట్యూషన్లు పెడతామంటే ఇవ్వాలి. కల్యాణానికో, ఉరుసుకో, క్రిస్మస్ స్టేజీకో అడిగితే ఇవ్వకూడదు. అదే గీత మనకూ వర్తిస్తుంది. దేవుడు లేడని సభ పెట్టుకోవడానికి మనం కౌన్సిల్ డబ్బు అడగకూడదు. అది మన చందాలతో చేసుకోవాలి. పాము కరిస్తే ఆసుపత్రికి వెళ్ళమని బడిపిల్లలకు చెప్పడానికి అడగవచ్చు. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుల విధి అని 1976లో రాజ్యాంగంలో చేర్చిన 51ఎ అధికరణ చెబుతోంది, అది అందరి పని.

గీత ప్రతిసారీ ఇంత స్పష్టంగా ఉండదని నాకు తెలుసు. చలివేంద్రం మీద స్వామివారి ఫోటో ఉంటే? మనవాళ్ళు కొందరు దానికీ కేసు వేద్దామంటారు. నేను వెయ్యను. నీళ్ళు అందరికీ పోస్తున్నారా, గ్లాసు ఒకటేనా, రెండు గ్లాసులు పెట్టారా అన్నది చూస్తాను. మన ఊళ్ళలో రెండు గ్లాసులు పెట్టే జబ్బు పూర్తిగా పోలేదు. ఫోటో కంటే నాకు అది ముఖ్యం.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. సమాచార హక్కు చట్టం, 2005లో 4వ సెక్షను ఉంది. సబ్సిడీ కార్యక్రమాలు ఎలా అమలు చేస్తున్నారు, ఎంత కేటాయించారు, లబ్ధిదారులెవరు అన్న వివరాలు ఎవరూ అడగకుండానే ప్రభుత్వ కార్యాలయం ప్రకటించాలి. మునిసిపాలిటీ సంఘాలకు ఇచ్చే డబ్బుకూ ఇదే పద్ధతి ఎందుకు ఉండకూడదు? మా ఆఫీసు గోడ మీద అలాంటి కాగితం నేను చూడలేదు. ఏడాదిలో ఏ సంఘానికి ఎంత ఇచ్చారో ఒక కాగితం అంటించడానికి ఖర్చు ఎంత? అది అంటించిన రోజున సగం మంది కౌన్సిలర్లకు తమ వార్డుకు ఎంత వచ్చిందో తెలుస్తుంది. మిగతా సగం మందికి అందుకే ఇష్టం ఉండదు.

చివరికి మా కార్యవర్గం ఏడుగురికి నలుగురు తీసుకోవాలని ఓటు వేశారు. రెండు షరతులతో. ఫ్లెక్సీ మీద ఎవరి బొమ్మా ఉండదు, "పట్టణ ప్రజల పన్నుల నుంచి" అని ఒక లైను మాత్రం ఉంటుంది. లెక్కలు వోచర్లతో సహా వారంలో ఇస్తాం. ఈ రెండూ రాసి ఉత్తరం పంపాం. నెల రోజులు జవాబు లేదు. ఇక రాదనుకున్నాం. తర్వాత చెక్కు వచ్చింది, బొమ్మల మాట ఎవరూ ఎత్తలేదు. కౌన్సిలర్ గారు మాత్రం ఇప్పటికీ నన్ను చూస్తే మొహం తిప్పుకుంటారు. మాస్టారు గారు ఓటు వ్యతిరేకంగా వేసినా, ఎనిమిది స్కూళ్ళకూ వచ్చి హోమగుండం ఆయనే వెలిగించారు.

ఖర్చులు పోను 640 రూపాయలు మిగిలాయి. వోచర్లు, మిగిలిన డబ్బు పట్టుకుని ఆఫీసుకు వెళ్ళాను. గుమాస్తా వోచర్లు తీసుకున్నాడు. డబ్బు మాత్రం తీసుకోలేదు. ఇచ్చిన గ్రాంటు ఎవరూ తిరిగి కట్టలేదట, ఏ పద్దు కింద రసీదు రాయాలో తెలియదట. మూడుసార్లు తిరిగాను. నాలుగోసారి, ఇతర ఆదాయాలు అని రాసి రసీదు ఇచ్చాడు.