టూర్‌కు ముందు సముద్రం గురించి ఒక గంట చెప్పండి



సెలవులొస్తే మన వరంగల్, హనుమకొండ కాలేజీల బస్సులు సూర్యలంకకో, విశాఖకో బయలుదేరతాయి. తల్లిదండ్రుల సంతకాలు, టూర్ డబ్బులు ముందే వసూలవుతాయి. సముద్రంలో ఎలా మసలుకోవాలో మాత్రం పిల్లలకు చెప్పేవారుండరు.

మన పల్లెల్లో పిల్లలు నడుముకు ప్లాస్టిక్ డబ్బా కట్టుకుని వ్యవసాయ బావిలో ఈత నేర్చుకుంటారు. అక్కడ నీళ్లు కదలవు, నాలుగు బారలు వేస్తే గట్టు అందుతుంది. ఆ ధైర్యంతోనే సముద్రంలోకీ దిగుతారు. అలలు మోసుకొచ్చిన నీళ్లన్నీ మళ్లీ లోపలికి పోవాలి కదా! అవి ఒక్కోచోట సన్నటి పాయగా కూడి జోరుగా వెనక్కి లాగుతాయి. దీన్నే రిప్ కరెంట్ అంటారు. ఆ పాయ ఉన్నచోట అలలు పెద్దగా విరగవు, పైకి నిమ్మళంగా కనిపిస్తుంది. కొత్తవాళ్లు ఏరికోరి అక్కడే దిగుతారు. ఆ పాయ మనిషిని అడుక్కి లాగదు, ఒడ్డుకు దూరంగా తీసుకుపోతుంది, అంతే. దానికి ఎదురీదితే గజ ఈతగాడైనా అలసి మునుగుతాడు. కంగారుపడకుండా వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి కేకేయాలి. ఈత వస్తే ఒడ్డు వెంబడి పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు మళ్లాలి. ఇదంతా చెప్పడానికి అయిదు నిమిషాలు చాలు.

2022 జులైలో పూడిమడక తీరంలో కొట్టుకుపోయిన ఇంజనీరింగ్ విద్యార్థులు అనకాపల్లిలో చదువుకుంటున్నవాళ్లే. సముద్రానికి అంత దగ్గరివాళ్లకే అలా జరిగితే మన పిల్లల సంగతేమిటి? అసలు సముద్రం దాకా ఎందుకు, 2016లో మన ధర్మసాగర్ రిజర్వాయరే ఇంజనీరింగ్ విద్యార్థులను పొట్టన పెట్టుకుంది.

బయటి దేశాల సంగతి చూడండి. మధ్యధరా సముద్రంలో ఆటుపోట్లు చాలా తక్కువ. అయినా సైప్రస్ లాంటి దీవుల్లో రద్దీ బీచ్‌లకు లైఫ్‌గార్డులుంటారు. ఎర్రజెండా ఎగిరితే నీళ్లలో దిగకూడదని అక్కడికొచ్చే యాత్రికులకు తెలుసు. మన రుషికొండ బీచ్‌కు కూడా 2020లో, శుభ్రత, భద్రతల ప్రమాణాలు పాటించే బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు దక్కింది. కానీ ఎర్రజెండా అర్థం తెలియని పిల్లవాడికి ఏ గుర్తింపు ఉండి ఏం లాభం? అన్నట్టు, దేశమంతటికీ ఉప్పెన అలల, సునామీల హెచ్చరికలు పంపే ఇన్‌కాయిస్ సంస్థ ఉన్నది సముద్రం లేని మన హైదరాబాద్‌లోనే. బస్సెక్కే రోజు ఆ హెచ్చరికలు చూసే లెక్చరర్లు ఎందరు?

బీచ్ టూర్లే మాన్పించాలని నేననను. ఆ వయసులో సముద్రం చూడాల్సిందే. అయితే బయలుదేరే ముందు కాలేజీలో ఒక గంట పాఠం పెట్టాలి. లైఫ్‌గార్డు లేనిచోట మోకాలి లోతు దాటనివ్వకూడదు. ఒడ్డున ఇద్దరు లెక్చరర్లు ఫోన్లు జేబులో పెట్టి పిల్లల మీదే కన్నేసి ఉండాలి. ఈ మూడూ రాసివ్వని కాలేజీకి టూర్ అనుమతి ఇవ్వొద్దని ఇంటర్ బోర్డునూ, యూనివర్సిటీలనూ కోరుతున్నాను. తల్లిదండ్రులు కూడా సంతకం పెట్టేముందు ఈ మూడింటి గురించీ అడగాలని మనవి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ