గుండీలు నడుమ పెట్టండి

పోయిన నెల మనవడు ఇంటికి కొత్త ఆంప్లిఫయరు, రెండు స్పీకర్లు తెచ్చినాడు. బాస్, ట్రెబుల్ గుండీలు రెండూ సరిగ్గా నడుమ పెట్టి, "తాతా, పాటకు మనం ఏమీ కలపకూడదు, ఏమీ తీయకూడదు. రికార్డు చేసింది చేసినట్టు రావాల" అన్నాడు. నాకేమో పాట గోనెసంచి వెనకనుంచి వస్తున్నట్టు ఉండె. ట్రెబుల్ పూర్తిగా తిప్పితిని. చిన్న మనవరాలు చెవులు మూసుకొని లోపలికి పోయె. సెట్టు మంచిది కాదని వాణ్ణి రెండు దినాలు సతాయిస్తిని.

మూడో దినం వాడు నన్ను బళేపేటకు పిలుచుకొని పోయినాడు. అక్కడి వాద్యాల అంగళ్లు మీకు తెలిసినవే. ఒక అంగట్లో వీణ శ్రుతి చేస్తా ఉండిరి. "తీగకు గోరు తగిలే సన్న శబ్దం వినబడుతుందా తాతా?" అని అడిగినాడు. నాదం వినబడె, గోరు శబ్దం వినబడలేదు. ఎదురుగా ఉండేది నిజం వీణ. దానికి గుండీలు లేవు. తప్పు సెట్టుది కాదని అప్పుడు తెలిసె.

చెవి పరీక్ష చేయిస్తే, కాగితం మీద గీత 4000 హెర్ట్జ్ దగ్గర గుంతలో పడినట్టు దిగింది. "మిల్లులో పనిచేసినారా?" అని డాక్టరమ్మే అడిగె. షటిల్ మగ్గాల షెడ్డులో మనం పెదాలు చూసి మాట్లాడుకున్నవాళ్లమే కదా! 8 గంటల పనికి 90 డెసిబెల్స్ దాటకూడదని రూల్సు ఉన్నాయి. ఆ మోత దాన్ని దాటే ఉండేది. మోత మొదట తినేది సన్న శబ్దాలనే. అందుకే పిల్లల మాట వినబడుతుంది, అర్థం కాదు. ఈ చెవుడు 1948 ఫ్యాక్టరీల చట్టంలో జబ్బుల పట్టీలోనే ఉండేది. పోయిన వినికిడి తిరిగి రాదు.

కాబట్టి ఇంట్లో సౌండు గురించి జగడం వస్తే ముందు ఇది చేయండి. గుండీలు నడుమ పెట్టండి. స్పీకర్లు గోడ మూలలో ఉంటే బాస్ ఉబ్బుతుంది, ముందుకు జరపండి. ఇంట్లోవాళ్ల గొంతు ఫోన్లో రికార్డు చేసి స్పీకర్లో వేసి, మనిషి గొంతుతో పోల్చండి. పిల్లలు సరిగ్గానే ఉందంటే నమ్మండి, మీ చెవులు చూపించుకోండి. ఐదేండ్లకు తక్కువ కాకుండా ఇ.ఎస్.ఐ.లో ఉండి వయసు నిండి రిటైరైనవాళ్లు ఏడాదికి 120 రూపాయలు కట్టితే భార్యాభర్తలకు వైద్యం దొరుకుతుంది.

మా ఇంట్లో గుండీలు ఇప్పుడు నడుమనే ఉన్నాయి. చిన్నది మళ్లీ నా పక్కన కూర్చొని పాట వింటా ఉంది. తాళాలు ఎక్కడ మోగుతున్నాయో అదే నాకు చెప్తుంది.