పట్టూ విడుపూ

మనిషన్నవాడికి పట్టూ విడుపూ వుండాలని పెద్దలంటారు. పొలం తగవుల దగ్గరా, పెళ్ళి మాటల దగ్గరా చెప్పే యీ మాట కారుకు కూడా అక్షరాలా వర్తిస్తుందంటే మీరు నవ్వుతారేమో! క్లచ్చికి తెలుగేమిటని ఎవరైనా అడిగితే నేను "పట్టు" అనే చెబుతాను. చిత్రమేమిటంటే, కాలితో త్రొక్కితే అది విడుపు. కాలు తీస్తే పట్టు. ఈ రెంటికీ నడుమ త్రిశంకుస్వర్గం ఒకటున్నది. మన డ్రైవర్లు దానిని "హాఫ్ క్లచ్" అంటారు. యజమాని సొమ్ము కరిగిపోయేది అక్కడే.

మా వన్‌టౌన్‌లో బట్టల దుకాణంలో లెక్కలు వ్రాసే కుర్రవాడొకడు బ్యాంకు అప్పుతో టర్బో పెట్రోలు కారు కొన్నాడు. గేర్లు చేత్తో వేసుకునే బండి. ఏడాది తిరక్కుండానే క్లచ్చి ప్లేటు అరిగి, బండి ఆటోనగర్ చేరింది. చెల్లెలి కాలేజీ ఫీజుకు దాచిన సొమ్ము ఆ ప్లేటుకు పోయింది.

"ఏమోయ్, ఎలా నడిపావు?" అన్నాను.

"టర్బో బండి గదా మాష్టారూ! పచ్చదీపం పడకముందే బాగా రేస్ ఇచ్చి, అప్పుడు మెల్లగా కాలు తీస్తాను. లేకపోతే పికప్ రాదు" అన్నాడు.

తప్పు వాడొక్కడిదే కాదు. టర్బో అంటే ఏమిటో చెప్పకుండానే మనకు బండి అమ్ముతారు. ఇంజను వదిలే పొగతో ఒక చిన్న చక్రం తిరుగుతుంది. దానితోపాటు తిరిగే రెండో చక్రం బయటి గాలిని ఇంజనులోకి గట్టిగా నెడుతుంది. గాలి పెరిగితే పెట్రోలు ఎక్కువ మండుతుంది, బలం పెరుగుతుంది. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూకీ 1905లోనే దీనికి పేటెంటు పొందాడు. 1962లో అమెరికాలో కార్లకు పెట్టి అమ్మారు. మన దేశంలో 2017లో వచ్చిన నెక్సాన్, 2019లో వచ్చిన వెన్యూ వంటి బండ్లతో టర్బో పెట్రోలు మధ్యతరగతి ఇంటి ముంగిటికి వచ్చింది.

ఆ చక్రం నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరగగలదు. కాని అది మేలుకోవాలంటే పొగ జోరుగా రావాలి. ఇలాంటి చిన్న ఇంజన్లలో చాలావాటికి 1,500 నుంచి 2,000 చుట్ల దాకా అసలు బలం రాదు. మరి ముందుగానే రేస్ ఇస్తే సరిపోదా? సరిపోదు. బరువు లాగని ఇంజను ఎంత అరిచినా పొగ జోరు తక్కువే. మోత వస్తుంది గాని బలం రాదు.

నష్టం మాత్రం తప్పదు. 1,200 కిలోల బండి గంటకు సుమారు 11 కిలోమీటర్ల వేగం అందుకునేసరికి క్లచ్చి పూర్తిగా పట్టిందనుకోండి. ఇంజను చుట్లు మారకుండా నిలిపితే, బండి సంపాదించిన శక్తి ఎంతో, అంత శక్తీ క్లచ్చిలో వేడిగా మారిపోతుంది. లెక్కకు 5,400 జూళ్ళు. చుట్లు రెట్టింపు చేసి అదే పని చేస్తే వేడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు: 21,600 జూళ్ళు. లీటరు నీళ్ళను అయిదు డిగ్రీలు వేడిచేయడానికి అది చాలు. నీళ్ళకది లెక్కలోది కాకపోవచ్చు. కాని ఆ వేడంతా ఒకటి రెండు సెకన్లలో ప్లేటు మీది పలుచని పొర మీద పడుతుంది. అందుకే ఆ మాడు వాసన!

మన కృష్ణా, గుంటూరు పల్లెల్లో తిరునాళ్ళకు బండలాగుడు పందెం చూచినవారికి దీని మర్మం వెంటనే బోధపడుతుంది. తెలిసిన రైతు ఎడ్లను మొదట ఒక్క అడుగు వేయిస్తాడు. కాడికీ బండకూ మధ్య గొలుసు బిగుస్తుంది. అప్పుడు అదిలిస్తాడు. గొలుసు వదులుగా వుండగానే ఎడ్లను ఉరికిస్తే గొలుసయినా తెగుతుంది, మెడలయినా ఒరుసుకుపోతాయి.

కారుకూ అంతే. మొదటి గేరే వేయాలి. రెండో గేరులో కదిలించే అలవాటు క్లచ్చికి శత్రువు. చుట్లు 1,500కో, మరికాస్త పైకో తెచ్చి, అక్కడ ఆగకుండా వెంటనే కాలు వదలాలి. పట్టు మొదలయ్యే చోటు వరకు పెడలును త్వరగా వదలవచ్చు. అక్కడ అరిగేదేమీ లేదు. పట్టు తగలగానే ఒక్క సెకను నిదానం. బండి కదిలి పట్టు పూర్తిగా పడగానే ఎడమకాలు తీసి పక్కన పెట్టాలి. ఆ పైన కుడికాలు ఎంత నొక్కినా ప్లేటు జారదు. టర్బో బలం వచ్చేదీ అప్పుడే. ఆ బలం హాఫ్ క్లచ్ మీద వుండగా వస్తే ప్లేటు ఇంకా జారుతుంది. అలాగని కాలు ఒక్కసారిగా వదిలేయకూడదు సుమండీ! ఆ కుదుపు గేరుబాక్సుకూ, చక్రాల షాఫ్టులకూ, టైర్లకూ తగులుతుంది.

మా కొండవాలు వీధుల్లో ఇంకొక దురలవాటున్నది. ఎత్తులో ముందు బండి ఆగితే, బ్రేకు త్రొక్కకుండా హాఫ్ క్లచ్ మీదనే బండిని నిలబెడతారు. అది ప్లేటును సానరాయి మీద పెట్టడమే. హ్యాండు బ్రేకు వేసి, పట్టు తగిలాక వదలండి. ఇంజను చుట్లు పెరిగి వేగం పెరగకపోతే ప్లేటు జారుతున్నదని గుర్తు. పెడలు బాగా పైకి వచ్చాక గాని పట్టు తగలకపోతే అదీ అనుమానించవలసిందే. ఆలస్యం చేయకుండా మెకానిక్కుకు చూపించండి.

త్వరగా కదలడం తప్పంటానా? సర్వీసు రోడ్డు నుంచి జాతీయ రహదారిలో కలిసేటప్పుడు వెనుక లారీ వస్తుంటే అది ప్రాణావసరం. 2020లో కనకదుర్గ వంతెన తెరిచాక దూరపు బండ్లు పైనుంచి పోతున్నాయి. కాని కింద కాళేశ్వరరావు మార్కెట్టు చుట్టూ తోపుడుబండ్లూ, మూటలెత్తిన హమాలీలూ, బడిపిల్లలూ అలాగే వున్నారు. మోటారు సైకిలు కుర్రాళ్ళతో పందెం వేయడానికి అది చోటు కాదు.

ఆ కుర్రవాడికి ఇదంతా చెప్పి, ఒక ఆదివారం ఉదయం ఖాళీ స్థలంలో పదిసార్లు కదిలించి చూడమన్నాను. "మాష్టారూ, మోత తగ్గింది, పికప్ తగ్గలేదు" అన్నాడు. కొత్త ప్లేటు ఎంతకాలం వస్తుందో ఇక వాడి ఎడమకాలి చేతిలో వున్నది.