కండువా మారింది సరే.. ప్రశ్నలేమైనట్టు?

గోడ దూకినవాడిని జనం నాలుగు రోజులు తిట్టి మరిచిపోతారు. అసలు తంటా గోడ మీద కూర్చున్నవాడితోనే. అటొక కాలు, ఇటొక కాలు. ఎవరు ముందు నిచ్చెన వేస్తారా, ఎవరి నిచ్చెనకు ఎన్ని మెట్లున్నాయా అని లెక్క. కింద కార్యకర్త జెండా పట్టుకుని మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూస్తుంటాడు. పాపం, ఏ జెండా పట్టుకోవాలో కూడా వాడికి తెలియదు!

గుంటూరు జిల్లాలో ఈ విద్యకు పెద్దబాలశిక్ష 2018 ఏప్రిల్‌లో రాశారు. రాసినాయన కన్నా లక్ష్మీనారాయణ.

ఆయనేమీ చిన్న నాయకుడు కాదు. పెదకూరపాడు నుంచి వరుసగా నాలుగుసార్లు, 2009లో గుంటూరు పశ్చిమ నుంచి మరోసారి కాంగ్రెస్ ఎమ్మెల్యే. కిరణ్‌కుమార్ రెడ్డి సర్కారులో వ్యవసాయ మంత్రి. 2014లో రాష్ట్రం విడిపోయి, ఆంధ్రలో కాంగ్రెస్‌కు ఒక్క అసెంబ్లీ సీటూ దక్కకపోయేసరికి అదే ఏడాది కమలం గూటికి చేరారు. మునిగే పడవ దిగడం మనిషి నైజం. అందాకా ఎవరూ తప్పు పట్టలేదు.

2018 మార్చిలో తెలుగుదేశం ఎన్డీఏ నుంచి బయటికొచ్చింది. ప్రత్యేక హోదా కోసం విద్యార్థులు రోడ్ల మీదున్నారు. ఏప్రిల్ 6న వైసీపీ ఎంపీలు ఐదుగురు రాజీనామా చేశారు. అదే నెలలో బీజేపీ రాష్ట్ర అధ్యక్ష పదవిని కంభంపాటి హరిబాబు వదిలేశారు. ఖాళీ అయిన ఆ కుర్చీ తనకు రాదనుకున్నారో ఏమో, కన్నా జగన్ పార్టీలో చేరడానికి ఏప్రిల్ 25న ముహూర్తం పెట్టుకున్నారు. అనుచరులు ఫ్లెక్సీలు కట్టేశారు. తెల్లారితే చేరిక. ఆ రాత్రే రక్తపోటు పెరిగి ఆయన ఆసుపత్రిలో చేరారు. చేరిక ఆగిపోయింది. మే 13న అదే కన్నా బీజేపీ రాష్ట్ర అధ్యక్షుడయ్యారు!

జబ్బును వెక్కిరించడం మా పని కాదు. రక్తపోటు ఎవరికైనా వస్తుంది. మేం అడిగేది వేరు. 24వ తేదీన పార్టీ విడిచిపోవడానికి ఏదో కారణం ఉండాలి కదా. అది హోదా అయితే, మే 13 నాటికి హోదా వచ్చిందా? అది రైతు అయితే, పత్తికి ధర పెరిగిందా? ఆ పంతొమ్మిది రోజుల్లో రాష్ట్రానికి దక్కిందేమీ లేదు. ఆయనకు దక్కింది కుర్చీ.

గుంటూరు మిర్చి యార్డు తెలిసినవాళ్లకు ఈ బేరం కొత్త కాదు. ధర లేనప్పుడు రైతు టిక్కీలను కోల్డ్ స్టోరేజీలో పెడతాడు. రేపు పెరుగుతుందేమోనని ఆశ. ఆ ఆశకు అద్దె కట్టాలి, అప్పుకు వడ్డీ కట్టాలి. అప్పటికీ ధర రాకపోతే అమ్ముకుని ఏడవాలి. నాయకుడూ తనను తాను కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుంటాడు. కాకపోతే అద్దె ఆయన కట్టడు, అనుచరుడు కడతాడు. ఫ్లెక్సీ ఖర్చు వాడిది, ఊళ్లో పడిన తగాదా వాడిది, పోలీసు కేసు వాడిది. ధర రాగానే సరుకు మాత్రం నాయకుడిది!

ఇక అధ్యక్షుడయ్యాక కన్నా ఏం చేశారో గుర్తు చేసుకుందాం. ముఖ్యమంత్రి చంద్రబాబుకు బహిరంగ లేఖలు రాశారు. ఒక్కో లేఖలో ఐదేసి ప్రశ్నలు. వారం వారం, విసుగూ విరామం లేకుండా! అవినీతి మీద, కేంద్రమిచ్చిన నిధుల లెక్క మీద అడిగారు. ప్రశ్నలు అడగడం మంచిదే. ప్రతిపక్షం చేయాల్సింది అదే. తీరా 2019లో జనం ఆ పార్టీకి రాష్ట్రంలో నోటా కన్నా తక్కువ ఓట్లిచ్చారు. నరసరావుపేట లోక్‌సభకు నిలబడిన ఈ కన్నాకు డిపాజిట్ కూడా దక్కలేదు. 2020 జులైలో అధ్యక్ష పదవి సోము వీర్రాజుకు పోయింది. అక్కడి నుంచి మళ్లీ అలక మొదలు.

2022 డిసెంబరులో జనసేన నాయకుడు నాదెండ్ల మనోహర్ ఇంటికొచ్చి మాట్లాడి వెళ్లారు. ఇక జనసేనలోకేనని ఊరంతా అనుకుంది. 2023 ఫిబ్రవరి 16న బీజేపీకి రాజీనామా చేశారు. గొడవంతా రాష్ట్ర అధ్యక్షుడితోనేనట, మోదీతో పేచీ లేదట! వారం తిరిగేసరికి, ఫిబ్రవరి 23న మంగళగిరిలో పసుపు కండువా కప్పుకున్నారు. కప్పింది ఎవరు? వారం వారం ఐదేసి ప్రశ్నలు అందుకున్న చంద్రబాబే!

మరి ఆ ప్రశ్నలేమైనట్టు? జవాబులు వచ్చి ఉంటే చదివి వినిపించాలి కదా. ప్రశ్నలే తప్పయితే, తప్పని చెప్పాలి కదా. రెండూ లేవు. కండువాతో పాటే ప్రశ్నలనూ మడతపెట్టి బీరువాలో దాచారు.

ఆ తర్వాత సత్తెనపల్లి. 2014లో కోడెల శివప్రసాదరావు తెలుగుదేశం తరఫున గెలిచిన చోటు. 2019లో ఆయన ఓడిపోయారు, ఆ సెప్టెంబరులోనే చనిపోయారు. నియోజకవర్గ బాధ్యత తనకే దక్కుతుందని ఆయన కొడుకు శివరాం ఎదురుచూశారు. 2023లో పార్టీ దాన్ని కన్నా చేతిలో పెట్టింది. కోడెల వర్గం భగ్గుమంది. వారసత్వ రాజకీయాలకు మేం వకాల్తా పుచ్చుకోం. కానీ కాంగ్రెస్‌లో ఉన్నన్నాళ్లూ ఎవరి మీద కేకలేశారో వాళ్ల జెండా కిందే కూర్చుని, ఆ జెండా మోసినవాళ్లను పక్కకు జరగమనడంలోని సొగసు చూడండి.

జనం గెలిపించారు కదా, ఇంకేం మాట్లాడతారు అంటారు అనుయాయులు. నిజమే, 2024లో ఆయన అంబటి రాంబాబును ఓడించారు. అయితే ఆ ఎన్నికల్లో 175 సీట్లలో 164 కూటమికే పోయాయి. ఆ గాలికి ఎగిరొచ్చిన ఓటును, పాత మాటలకు పడిన రద్దు ముద్రగా చూపిస్తే ఎట్లా? ఓటరు ఎమ్మెల్యేను ఎన్నుకున్నాడు. ప్రశ్నలు మాఫీ చేస్తున్నానని ఎక్కడా సంతకం పెట్టలేదు.

ఒక్క కన్నా మీదే పడ్డామనుకోకండి. నరసరావుపేటలో 2019లో వైసీపీ టికెట్ మీద గెలిచిన లావు శ్రీకృష్ణదేవరాయలు 2024 జనవరిలో ఆ పార్టీ వదిలి, తెలుగుదేశంలో చేరి, మళ్లీ గెలిచారు. అంటే ఆనాడు గెలిచిన ఎంపీ, డిపాజిట్ పోగొట్టుకున్న ప్రత్యర్థి ఇప్పుడు ఒకే బల్ల దగ్గర! ప్రకాశానికి వెళ్తే మాగుంట శ్రీనివాసులురెడ్డి. ఒంగోలులో కాంగ్రెస్ ఎంపీ, 2014లో తెలుగుదేశం తరఫున ఓటమి, తర్వాత ఎమ్మెల్సీ, 2019లో వైసీపీ ఎంపీ, 2024లో మళ్లీ తెలుగుదేశం ఎంపీ. హైదరాబాద్ వాళ్లు నవ్వుకోనక్కర్లేదు. 2014లో తెలుగుదేశం టికెట్ మీద గెలిచి గులాబీ మంత్రివర్గంలో కూర్చున్న తలసాని శ్రీనివాస్ యాదవ్‌ను వాళ్లూ చూశారు.

ఫిరాయింపుల చట్టం 1985లో వచ్చింది కదా అనొచ్చు. వచ్చింది. అది సభలో సభ్యుడిగా ఉన్నవాడికే. ఓడి ఇంట్లో కూర్చుని బేరమాడేవాడిని అది తాకదు. వాడిని అడగాల్సింది స్పీకర్ కాదు, జనం.

అడగడానికి జనం దగ్గర సరుకుంది. 2017లో యార్డులో మిర్చి ధర కుప్పకూలింది. ముందు ఏడాది ధర చూసి పంట పెంచిన రైతు మునిగిపోయాడు. కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 5,000 రూపాయలు ప్రకటించింది. అప్పుడు కేంద్రంలో బీజేపీ, రాష్ట్రంలో తెలుగుదేశం, రెండూ ఒకే జట్టు. మిర్చికి ధర ఇవ్వకపోతే పార్టీ మారతానని ఒక్క నాయకుడైనా అలిగాడా? 2025 ఫిబ్రవరిలో ధర మళ్లీ పడింది. రెండేళ్ల కింద క్వింటాకు ఇరవై వేలు చూసిన యార్డు అది. ఈసారి కేంద్రం 11,781 రూపాయలంది. కౌలు, కూలి, పురుగుమందులు లెక్కేసుకున్న రైతు తల పట్టుకున్నాడు. మళ్లీ అవే రెండు పార్టీలు, అదే జట్టు. ఈసారి వాళ్ల మధ్య సత్తెనపల్లి ఎమ్మెల్యేగా మాజీ వ్యవసాయ మంత్రి కూడా ఉన్నారు.

కన్నా గారూ, ఆ పాత లేఖల కట్ట బయటికి తీయండి. ఏ ప్రశ్నకు ఏ జవాబు వచ్చిందో సత్తెనపల్లి సెంటర్లో నిలబడి చదివి వినిపించండి. మైకు ఖర్చు మేం పెట్టుకుంటాం.